తవుటి వారి దాయాదులు

ఒకానొక కాలంలో ములకలదుర్గం అని ఒక రాజ్యం ఉండేది. రాజ్యం అనగానే మరీ పెద్దది ఊహించుకోకండి. పొద్దున చద్దన్నం తిని గుర్రమెక్కితే మధ్యాహ్నం భోజనానికి పక్క రాజ్యంలో దిగొచ్చు. ఆ కాస్త నేలకూ ఒక కోట, కోటకొక సింహాసనం, సింహాసనం మీద గజభూపతి అని ఒక రాజుగారు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే డాబు మాత్రం నాలుగు రాజ్యాలకు సరిపడా ఉండేది.

ఆయనగారి ఇంటిపేరు తవుటి. తవుడు తెలుసు కదా, బియ్యం దంచితే రాలే పొడి, పశువులకు పెడతాం, అదే. పేరులో ఏనుగు ఉంది, ఇంటిపేరులో ఏనుగు మేత ఉంది. రెండూ కలిపి ఎవరైనా పలికితే రాజుగారు వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాడు.

ఒకరోజు నిండు కొలువులోకి పరాయి ఊరి వర్తకుడొకడు వచ్చి దండం పెట్టాడు.

"అయ్యా, తవుటి వారంటే తమరేనా?"

ఏదో కానుక తెచ్చాడనుకుని రాజుగారు, "మేమే," అన్నాడు.

"రెండు కుంచాల తవుడు ఇప్పించండి. గుర్రం వాకిట్లో ఉంది."

కొలువులో ఒక్కరూ నవ్వలేదు. నవ్వలేదంటే, సేనాపతి మీసం కొరుక్కున్నాడు, మంత్రి కళ్ళు మూసుకుని ఏదో జపం మొదలుపెట్టాడు, వింజామర వీచే మనిషి వింజామర తన ముఖానికే అడ్డం పెట్టుకున్నాడు.

పాపం ఆ వర్తకుడి తప్పేమీ లేదు. కోటగుమ్మం ఎదురుగా తవుటి బంగారక్క అని ఒకావిడ తవుడు అమ్మేది. భర్త పోయాడు, ఇద్దరు కొడుకులు వడ్లు దంచితే ఆవిడ అంగడి చూసుకునేది. తవుటి వారి దగ్గర సరుకు బాగుంటుందని సత్రంలో ఎవరో చెప్పారు. తవుటి వారెక్కడ అని ఇతను అడిగితే కాపలావాడు బంగారక్కను వదిలి రాజుగారిని చూపించాడు. కాపలావాడిదీ తప్పు కాదు, వాడు గౌరవమిచ్చాడు.

రాజుగారికి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడే కబురు పెట్టి విరూపాక్ష అవధాన్లుగారిని రప్పించాడు. ఈ అవధాన్లుగారు వంశావళుల పండితుడు. మీ తాత ఎవరో మీకు తెలియకపోయినా ఆయనకు తెలుస్తుంది, మీ తాత ఎవరో మీకు తెలిస్తే దాన్ని మరిపించడమూ ఆయనకు తెలుసు. ఇలాంటి వాళ్ళు ఆ రోజుల్లో మహా గిరాకీలో ఉండేవాళ్ళు. తాతల్ని వెతుక్కునే ధనవంతుణ్ణి చూడండి, వెనక్కి వెనక్కి పోతూ ఎక్కడో ఒక చక్రవర్తి తగలగానే టక్కున ఆగిపోతాడు. ఇంకొక్క తరం వెనక్కి పోతే గేదెలు కాసేవాడు తగులుతాడేమోనని భయం.

అవధాన్లుగారు నెల రోజులు రాజుగారింట్లోనే నెయ్యి పోసుకుని తిన్నాడు. వంటింటి పొయ్యి మీద కొత్త తాటాకులు వేలాడదీసి పొగ పట్టించాడు. ఆకులు బాగా నల్లబడ్డాక కొలువులో విప్పి చదివాడు.

"ప్రభూ, తవుటి అన్నది పామరుల నోట నలిగిన మాట. అసలు మాట తపఃకోటి. కోటి సంవత్సరాలు తపస్సు చేసిన తపఃకోటి మహర్షి తమ మూలపురుషుడు. ఆజన్మ బ్రహ్మచారి."

"బ్రహ్మచారికి వంశమెలా వచ్చిందండీ?" అని వెనక వరసలోంచి ఒక గొంతు.

ఆ గొంతు చెదల తిప్పనది. ఇతని సంగతి చెప్పాలి. కోటలో కవిలెల కొట్టు అని ఒక గది ఉండేది. కవిలెలంటే ఊళ్ళ సంగతులూ ఇళ్ళ సంగతులూ, ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు ఏ నేల దున్నారు, అన్నీ రాసిపెట్టిన తాటాకు కట్టలు. వాటికి చెద పట్టకుండా చూడడం తిప్పన ఉద్యోగం. ఇంటిపేరే చెదల. దానికతను ఎప్పుడూ సిగ్గుపడలేదు సరికదా, "మా వాళ్ళన్న మొహమాటం కొద్దీ చెద నా కొట్లోకి రాదు," అనేవాడు.

"వరప్రసాదం వల్ల," అన్నాడు అవధాన్లు, ముఖం ముడుచుకుని. "మహర్షి నుంచి ముప్పై రెండు శాఖలు. ఈ దేశంలో కిరీటం పెట్టుకున్న ముప్పై రెండు ఇళ్ళవారూ ప్రభువులకు ఏడు తరాల లోపు దాయాదులు. రుద్రగిరి మహారాజులంతటి వారు కూడా."

దాయాదులంటే ఒకే మగ మూలం నుంచి వచ్చిన అన్నదమ్ముల పిల్లలు. రుద్రగిరి పేరు వినగానే రాజుగారు సింహాసనంలో ఇంకో బెత్తెడు పెరిగాడు. వచ్చే పున్నమికి బిరుదోత్సవం, "తపఃకోటి వంశతిలక" అన్న బిరుదు, దానికో బంగారు పతకం అని అక్కడికక్కడే ఆజ్ఞ అయింది. దాంతోపాటు ఇంకో ఆజ్ఞ కూడా. బిరుదోత్సవం నాటికి రాజ్యంలో తవుటి అన్న ఇంటిపేరు ఎవరికీ ఉండకూడదు. ఉన్నవాళ్ళు మార్చుకోవాలి, లేదా పొలిమేర దాటాలి.

ఉన్నవాళ్ళంటే ఉన్నది ఒక్క ఇల్లే. దండోరా ఆ ఇంటిముందే మూడుసార్లు వేశారు.

బంగారక్క తవుడు చేతులతోనే కవిలెల కొట్టుకు వచ్చింది. గుమ్మంలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తిప్పనయ్యా, పేరు పోతే ఏం పోయింది, కొత్తది పెట్టుకో అంటున్నారు ఆ భటులు. మా ఆయన తద్దినానికి పంతులు పేరు చెప్పమంటాడు కదా, ఏం చెప్పాలి? కొత్త పేరు చెబితే ఆయన ఎక్కడున్నాడో గానీ, ఎవరినో పిలుస్తున్నారనుకుని అక్కడే కూర్చుంటాడు. అసలే మనిషికి మొహమాటం ఎక్కువ."

"పొలిమేర దాటితే?"

"దాటితే పేరుంటుంది, ఇల్లుండదు. రోలు పాతింది మా మామగారు. పెకిలించి నెత్తిన పెట్టుకుపోనా?"

తిప్పన అడిగాడు. "బంగారక్కా, నీ గడువు ఎప్పటిదాకా?"

"బిరుదోత్సవం దాకా అన్నారు."

"పున్నమి దాకా అనలేదు కదా?"

"బిరుదోత్సవం నాటికి అన్నారయ్యా. మూడుసార్లు విన్నాను."

"అయితే వెళ్ళి వడ్లు దంచుకో," అన్నాడు తిప్పన.

మర్నాడు ముప్పై రెండు ఉత్తరాలు రాసుకుని రాజుగారి దగ్గరికి వెళ్ళాడు.

"ప్రభూ, ఇంత గొప్ప చుట్టరికం బయటపడింది. మనం ఒక్కళ్ళమే తెలుసుకుని ఊరుకుంటే ఏం మర్యాద? దాయాదులందరికీ తెలియజేద్దాం. మనం ఏడు తరాల లోపు వాళ్ళం, ఇకనుంచి మీ ఇళ్ళలో చావుపుట్టుకలు మాకు తప్పకుండా కబురు చేయండి అని రాశాను. తమ ముద్ర ఒక్కటి పడితే చాలు."

రాజుగారు ఒక్కటి కాదు, ఒక్కో ఉత్తరం మీద రెండేసి ముద్రలు వేశాడు. ఒకటి సరిగా పడకపోతే ఇంకోటి ఉంటుందని.

పున్నమికి నాలుగు రోజులుందనగా మొదటి జవాబు వచ్చింది. కొలువులో తిప్పనే చదివాడు. "తమ దాయాది అయిన పెదకంబళి దొరవారి బాబాయిగారు కాలం చేశారు."

"అయ్యో పాపం," అన్నాడు రాజు. ఆ బాబాయి ఎవరో తెలియకపోయినా రాజబంధువు కదా. "సరే, ఉత్సవం పందిళ్ళ సంగతేమయింది?"

"పందిళ్ళెక్కడివి ప్రభూ, మైల," అన్నాడు తిప్పన. "ఏడు తరాల లోపు దాయాది పోతే పది రోజులు. శుభకార్యాలు లేవు, గుళ్ళోకి వెళ్ళరాదు, క్షవరం లేదు, తాంబూలం లేదు, పప్పులో పోపు లేదు, పడక చాప మీద. పదో రోజు కాలవ దగ్గర ధర్మోదకాలు వదలాలి."

రాజుగారు అవధాన్లు వైపు చూశాడు. అవధాన్లు గొంతు సవరించుకున్నాడు. "శాస్త్రంలో రాజుకు మైల లేదు ప్రభూ."

"రాజుకు లేదండీ, నిజమే," అన్నాడు తిప్పన. "కానీ తమరు వంశావళి చివర ఏం రాశారు? ప్రభువులు రాజుగా కాక ఈ మహావంశపు బిడ్డగా బిరుదు అందుకుంటారు అని. బిడ్డకు మైల ఉంది కదా మరి. లేదంటారా, ఆ ఆకు కొట్టేద్దామా?"

అవధాన్లు ఆకుల కట్ట ఒళ్ళోకి లాక్కున్నాడు. "పది రోజులే కదా ప్రభూ," అన్నాడు.

పది రోజులూ రాజుగారు చాప మీద పడుకున్నాడు. పదో రోజు కాలవ దగ్గర మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, జన్మలో చూడని బాబాయికి నువ్వులూ నీళ్ళూ వదిలాడు. పదకొండో రోజు మంగలి కత్తి నూరుతుండగా ఇంకో ఉత్తరం. ఇంకో దాయాదికి మగపిల్లవాడు పుట్టాడు.

"శుభం కదా," అన్నాడు రాజు, గడ్డం ముందుకు చాపి.

"శుభమే ప్రభూ. పురుడు. అదీ పది రోజులే."

మంగలి కత్తి మూసుకుని వెళ్ళిపోయాడు.

ఇందులో మాయ ఏమీ లేదండీ, ఉత్త జనాభా. ముప్పై రెండు ఇళ్ళు, ఇంటికి ఇరవై మంది మగవాళ్ళనుకున్నా ఆరు వందల నలభై మంది. అంతమందిలో నెలకు ఒకరిద్దరు పోకుండా ఉంటారా, ఇద్దరు ముగ్గురు పుట్టకుండా ఉంటారా? రాజుగారికి ఒక పున్నమి పోయింది, రెండో పున్నమి పోయింది, మూడోదీ పోయింది. గడ్డం రొమ్ముదాకా వచ్చింది. బంగారు పతకం పెట్టెలోనే ఉండిపోయింది. పోపు లేని పప్పు తినీ తినీ, వంటింటి వైపు నుంచి ఇంగువ వాసన వస్తే రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇక తపఃకోటి మహర్షి లాగే కనపడుతున్నాడని రాణిగారు అన్నదట. మెచ్చుకోలుగా అనలేదు.

బంగారక్క మాత్రం గుమ్మం ఎదురుగా తవుడు అమ్ముకుంటూనే ఉంది. బిరుదోత్సవం జరగలేదు కనక గడువు తీరలేదు.

నాలుగో నెలలో రుద్రగిరి నుంచి ఉత్తరం పట్టుకుని ఒక దూత వచ్చాడు. చావూ కాదు, పుట్టుకా కాదు. దూత నిలబడి చదివాడు.

"మనం దాయాదులమని మీరే రెండు ముద్రలు వేసి రాశారు. సంతోషం. మాది పెద్ద శాఖ అని మీ వంశావళిలోనే ఉందట. కనక ములకలదుర్గంలో మాకు రావలసిన సగభాగం తీసుకోదలిచాము. తూర్పు బురుజు వైపు మాకు గాలి బాగుంటుంది. కొలతలు వేయడానికి నాలుగు వందల మంది రౌతులను పంపుతున్నాము."

చూశారా, అన్నదమ్ములు భోజనాల దగ్గర దాయాదులు, పొలం గట్ల దగ్గర మాత్రం ఆ మాటకు వాటా కోసం వచ్చే పగవాడని ఇంకో అర్థం వస్తుంది. మన రాజుగారికి ఆ రెండో అర్థం అప్పుడు తెలిసింది. ముఖం పాలిపోయింది. గడ్డం వల్ల సగమే కనపడింది.

"అవధాన్లుగారూ, ఏదైనా చెప్పండి," అన్నాడు.

అవధాన్లు చెప్పడానికేముంది, రాసింది ఆయనే. దగ్గు వచ్చినట్టు నటించాడు.

"తిప్పనా, నువ్వు చెప్పు. ఈ చుట్టరికం తెగేదెలా?"

"చుట్టరికం తెంపడం మన వల్ల కాదు ప్రభూ. లేదని రుజువు చేయడం అవుతుంది. కానీ దానికి తమ అసలు ముత్తాతను కొలువులోకి తేవాలి. తేనా?"

రాజుగారు కిటికీ వైపు చూశాడు. దూత కూడా కిటికీ వైపే చూస్తున్నాడు, అక్కణ్ణించి తూర్పు బురుజు కనపడుతుంది కనక.

"తే," అన్నాడు రాజు.

తిప్పన ఒక పాత కట్ట తెచ్చి విప్పాడు. పొగ వాసన లేదు, అంచులు మాత్రం చేతులు తగిలి తగిలి అరిగిపోయాయి. చదివాడు.

"ములకలదుర్గం ముట్టడి, నాలుగో నెల. గుర్రములకు దాణా లేదు. తవుటి అంకన, తమ్ముడు తవుటి బసవన, పన్నెండు గాడిదల మీద తవుడు వేసుకొని చీకటి దారిన లోపలికి చేర్చిరి. గుర్రములు తినెను. మిగిలినది మనుషులు తినిరి. ముట్టడి వీగిపోయెను. దొరవారికి సంతు లేదు. పోవునప్పుడు కోట తాళములు అంకనకు ఈయబోగా, నాకు గాడిదలున్నవి, వాటిని ఎవరు చూచెదరనెను. అందున తమ్ముడు బసవనకు ఇచ్చిరి."

"ఆ బసవన తమ ముత్తాత," అన్నాడు తిప్పన.

దూత పెదవి విరిచాడు. "ఆకులు మా దగ్గరా ఉన్నాయి. నల్లవి, తెల్లవి, ఏ రంగు కావాలంటే ఆ రంగువి. ఇది నిన్న రాసింది కాదని ఎలా నమ్మేది? ఆ అంకన ఇంటివాళ్ళెవరైనా ఉంటే పిలిపించండి."

కోటగుమ్మానికి పల్లకీ వెళ్ళింది. బంగారక్క పల్లకీ ఎక్కలేదు, పక్కనే నడుచుకుంటూ వచ్చింది. అంగడికి తాళం వేసి రావడానికి ఇంకాస్త ఆలస్యమైంది.

"ఏమ్మా, నువ్వెవరు?" అని దూత అడిగాడు.

ఆవిడ రాజుగారి వైపు చూసింది.

"చెప్పు బంగారక్కా, భయం లేదు," అన్నాడు రాజు.

"భయమేం లేదు బాబూ. మా ఇంటిపేరు ఉండకూడదని దండోరా వేయించారు. ఆ పేరు లేకుండా నేనెవరో ఎలా చెప్పను?"

"ఉంచుకో, పరవాలేదు."

"నోటితో చెప్పి తీసేస్తే ఎలా? వేసింది దండోరాతో కదా."

దూత నవ్వాపుకుంటున్నాడు. రాజుగారికి వేరే దారి లేదు. దండోరా వాణ్ణి పిలిపించారు. తవుటి వారు తవుటి వారే, ఏ ఉత్సవం నాటికీ ఎవరూ మారనక్కర్లేదు, పొలిమేర దాటనక్కర్లేదు అని వాడు వీధిలో వేసిన చాటింపు కొలువుదాకా వినపడింది. ఆవిడ మూడుసార్లూ లెక్కపెట్టుకుంది.

అప్పుడు దూత వైపు తిరిగింది. "తవుటి బంగారక్కనయ్యా. అంకన మనవడు నా మొగుడు. ఈ బాబు బసవన మునిమనవడు. వరసకు నేను పెద్దమ్మను. బసవన చిన్నప్పుడు గాడిద మీంచి పడితే ఎడమ కాలు పొట్టి అయిందని మా మామగారు చెప్పేవాడు. మహర్షీ లేడు, ఎవరూ లేరు. మీ దొరగారి వాళ్ళు ఎప్పుడన్నా తవుడు అమ్మారా నాయనా? అమ్మితే చెప్పు, మనం మనం ఒకటే అవుతాం, సగం కోట ఇప్పిస్తాను."

దూత రెండడుగులు వెనక్కి వేశాడు. "మా ప్రభువులు తవుడా? ఇలాంటి వాళ్ళతో మాకు చుట్టరికమేమిటి? ఈ ఉత్తరం మేము రాయనే లేదు." తెచ్చిన ఉత్తరం చింపి, ఆ ముక్కలు కూడా అక్కడ వదలకుండా ఏరుకుని మరీ వెళ్ళిపోయాడు.

అవధాన్లు మెల్లగా లేచాడు, తనకు రావలసిన సంభావన ముఖ్యం కనక. "ప్రభూ, ఆపద గట్టెక్కింది. రుద్రగిరి శాఖ ఒక్కటి తీసేసి మిగతా వంశావళి అలాగే ఉంచుకోవచ్చు. మహర్షికి ఏ దోషమూ లేదు."

"అయ్యా, మీకింకా కబురు అందలేదా?" అన్నాడు తిప్పన, జాలిగా. "మహర్షి ఇందాకే పోయారు."

"పోవడమేమిటి?"

"అంకన గారి కవిలె చదివిన ఘడియలోనే పోయారు. అందరం చూశాం. ఆయన్ని కన్నది మీరొక్కరే కనక మైల కూడా మీ ఒక్కరికే. పది రోజులు కోటలో అడుగు పెట్టకూడదు. పప్పులో పోపు వద్దు. నెయ్యి అసలే వద్దు."

మొదట నవ్వింది ఎవరో కాదు, రాజుగారే. గడ్డంలోంచి ఆ నవ్వు ముందు గురకలాగా వచ్చింది, తర్వాత భుజాలు ఊగాయి, తర్వాత సింహాసనం చేతులు పట్టుకుని వంగిపోయాడు. నాలుగు నెలల నుంచి ఆపుకున్న కొలువు కొలువంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వులో అవధాన్లు తన ఆకుల కట్ట చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. ఏ వైపు వెళ్ళాడో ఎవరూ అడగలేదు.

మంగలి వచ్చాడు. కొలువులోనే, అందరి ముందే రాజుగారు గడ్డం తీయించుకున్నాడు. తీయించుకుంటూ, పెట్టెలో ఉన్న బంగారు పతకం తెప్పించాడు. దాని మీద చెక్కిన తపఃకోటి అన్న మాట పోయేలా కరిగించి, తిరిగి పోత పోయించి, తిప్పన మెడలో వేయమన్నాడు. కవిలెల కొట్టుకు రాతి కప్పు వేయించమన్నాడు. బంగారక్కను ఏం కావాలని అడిగితే, "కోట గుర్రాలకు తవుడు ఎవరి దగ్గర కొంటున్నారో కాస్త చూడు నాయనా, పొట్టు కలుపుతున్నారు," అంది. ఆ వ్యాపారం ఆ పూటే ఆవిడ కొడుకులకు వచ్చింది.

అన్నీ అయ్యాక రాజుగారు తిప్పనను దగ్గరికి పిలిచాడు. "ఇవాళ్టి సంగతి కవిలెలో ఎక్కించావా?"

"ఎక్కించాను ప్రభూ."

"చదువు."

"ఈ దినము ప్రభువులవారు నవ్విరి."

"అంతేనా?"

"అంతే. మిగతాది కూడా రాస్తే తమ మనవలు సిగ్గుపడి ఇంకో అవధాన్లును పిలిపించుకుంటారు."

రాజుగారు మళ్ళీ నవ్వాడు. "సిగ్గుపడితే పడనీ. గడ్డంతో సహా రాయి," అన్నాడు.

తిప్పన అంతా రాశాడు. రాయబట్టే నాకు తెలిసింది, నాకు తెలియబట్టే మీ చెవిన పడింది.